స్నేహితుల ఇళ్లే మజిలీలుగా ఆస్ట్రేలియా: దంపతుల యాత్రకు ఒక మార్గదర్శి

ఆస్ట్రేలియాలో స్నేహితులు ఉన్న దంపతులు అక్కడికి వెళ్దామనుకోగానే మొదట విమానం టికెట్ ధర చూస్తారు, ఆ తరువాత వీసా సంగతి వాకబు చేస్తారు, పటం మాత్రం అన్నిటికంటే చివర తెరుస్తారు. ఈ వరుస తలకిందులు కావాలి. సిడ్నీ, మెల్‌బోర్న్, కెయిర్న్స్, ఉలూరు, పెర్త్ అనే పేర్లు మన నోట ఒక్క గుక్కలో వస్తాయి గనుక అవన్నీ పక్కపక్కనే ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ దేశ వైశాల్యం దాదాపు 77 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశానికి రెండింతల పైమాటే. జనాభా మాత్రం మూడు కోట్లకు లోపే. సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కు రోడ్డు మీద 880 కిలోమీటర్లు ఉంటుంది. సిడ్నీ నుంచి పెర్త్‌కు విమానంలోనే ఐదు గంటలు పడుతుంది.

అందువల్ల నేను చెప్పదలచిన పద్ధతి ఒకటే. చూడవలసిన స్థలాల జాబితా ముందు రాసుకుని దానికి స్నేహితుల ఇళ్లను అతికించవద్దు. స్నేహితులు ఉన్న ఒకటి రెండు నగరాలను మజిలీలుగా పెట్టుకుని, అక్కడి నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రాగల చోట్లను తనివితీరా చూసి, దూరప్రాంతం ఒక్కదాన్ని మాత్రమే అదనంగా కలుపుకోండి. నేనూ నా భార్యా మా మూడు వారాల యాత్రను ఇలాగే నడిపాము: సిడ్నీలో ఎనిమిది రోజులు, మధ్యలో ఉలూరు అనే ఒంటి కొండ దగ్గర మూడు రాత్రులు, మెల్‌బోర్న్‌లో తొమ్మిది రోజులు. పెర్త్, టాస్మానియా, అడిలైడ్ వదిలేశాము. వదిలేసినందుకు చింత లేదు, ఎందుకంటే చూసినవన్నీ కాళ్లు నిలిపి చూశాము.

తేదీలు ముందు, టికెట్లు తరువాత

అక్కడి ఋతువులు మనకు తిరగబడి ఉంటాయి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు వేసవి, జూన్ నుంచి ఆగస్టు వరకు చలికాలం. దేశం పెద్దది గనుక అన్ని చోట్లా ఒకే నెల బాగుండదు. ఉత్తరాన కెయిర్న్స్‌లో జనవరి, ఫిబ్రవరి నెలలు కుండపోత వానల కాలం. నడిమధ్యన ఉలూరులో అవే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. దక్షిణాన మెల్‌బోర్న్‌కు మాత్రం అది హాయిగా తిరగదగిన కాలం. ఈ మూడింటికీ రాజీ కుదిరే కాలాలు రెండు ఉన్నాయి: ఏప్రిల్ చివరి నుంచి మే వరకు ఒకటి, సెప్టెంబర్, అక్టోబర్ నెలలు మరొకటి. మొదటిది మన ఎండాకాలంతో కలుస్తుంది గనుక ఉద్యోగులకూ, పిల్లల సెలవులు చూసుకునేవారికీ అనువుగా ఉంటుంది. క్రిస్మస్ నుంచి జనవరి చివరి వరకు అక్కడివారికే పెద్ద సెలవులు, ఆ రోజుల్లో బసల ధరలు, విమానాల ధరలు బాగా పెరుగుతాయి.

నెల తేల్చుకున్నాక టికెట్ కొనకముందే స్నేహితులకు ఫోన్ చేయండి. "మీరు ఎప్పుడొచ్చినా ఇల్లు మీదే అన్నయ్యా" అనే మాట వారి ప్రేమ కొద్దీ వస్తుంది. ఆ మాట పట్టుకుని తేదీలు వేసుకోవడం మాత్రం మనకు మర్యాద కాదు. మూడు సంగతులు విడివిడిగా అడగండి: ఆఫీసులో పని ఒత్తిడి ఏ వారాల్లో ఎక్కువ, పిల్లల బడి సెలవులు ఎప్పుడు, ఆ రోజుల్లో వారి తల్లిదండ్రులు గానీ మరో చుట్టాలు గానీ రాబోతున్నారా. అక్కడ సహాయకులు ఉండరు, దంపతులిద్దరూ ఉద్యోగం చేస్తూ ఇంటిపని కూడా తామే చేసుకుంటారు. ఒక ఇంట్లో వారం, పది రోజులకు మించి ఉండదలిస్తే మధ్యలో రెండు మూడు రోజులు వేరే ఊరికి వెళ్లివచ్చేలా ఏర్పాటు చేసుకుంటే ఆ ఇంటివారికీ ఊపిరి ఆడుతుంది.

ఇక యాత్రకు వెన్నెముక వంటి సూత్రం ఇది: కారు లేకుండా చేరలేని చోట్లు శని, ఆదివారాలకు, రైలు, ట్రామ్, పడవలతో చేరగలిగిన చోట్లు వారం మధ్య రోజులకు. స్నేహితులు మీతో రాగలిగేది శని, ఆదివారాల్లోనే. ఆ రెండు రోజులనూ వారికి ఎన్నోసార్లు చూసి విసుగు పుట్టిన ఒపెరా హౌస్ దగ్గర ఖర్చు చేయించడం అన్యాయం.

టికెట్ కొనేటప్పుడు రాకపోకలు ఒకే నగరానికి పెట్టుకోకుండా, సిడ్నీలో దిగి మెల్‌బోర్న్ నుంచి తిరిగి వచ్చేటట్టు తీసుకోండి. హైదరాబాద్ నుంచి సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్ మీదుగా వెళ్లేవారికి ఈ వెసులుబాటు తరచూ పెద్ద తేడా లేకుండానే దొరుకుతుంది, మధ్యలో ఒక దేశీయ విమానం ఖర్చు మిగులుతుంది. దేశీయ విమానాల్లో చౌక టికెట్లకు చేతిసంచి ఏడు కిలోలే అని తూకం వేసి మరీ చూస్తారు. పెట్టె బరువు టికెట్‌తో పాటే కొనుక్కోవాలి, విమానాశ్రయంలో కొంటే చాలా ఎక్కువవుతుంది.

వీసా, బీమా, మందులు

భారత పౌరులకు కావలసినది సందర్శకుల వీసా, సబ్‌క్లాస్ 600. ఆస్ట్రేలియా ప్రభుత్వపు ఇమ్మీఅకౌంట్ వెబ్‌సైట్‌లో మనమే దరఖాస్తు చేసుకోవచ్చు. ఇందులో బంధువులు పూచీ ఉండే విభాగం ఒకటి ఉన్నది గానీ అది స్నేహితులకు వర్తించదు. మీరు పర్యాటకుల విభాగంలోనే వెయ్యాలి. స్నేహితుడు ఒక ఆహ్వాన లేఖ రాసి, మీరు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ చిరునామాలో ఉంటారో తెలిపి, తన పాస్‌పోర్టు లేదా శాశ్వత నివాస పత్రం నకలు జతచేస్తే బస సంగతి తేటతెల్లమవుతుంది. మీ వైపు నుంచి బ్యాంకు లెక్కలు, ఆదాయపు పన్ను పత్రాలు, సెలవు మంజూరు లేఖ లేదా పింఛను పత్రం, సొంత ఇల్లో పొలమో ఉంటే వాటి కాగితాలు పెట్టండి. మీరు తిరిగి వస్తారని అధికారికి నమ్మకం కలగాలి, ఆ కాగితాలన్నీ అందుకే. దంపతులిద్దరూ విడివిడిగా దరఖాస్తు చేయాలి. ఒకరి దరఖాస్తులో మరొకరి వివరాలు, యాత్ర తేదీలు తేడా లేకుండా ఉన్నాయో లేదో పంపేముందు పక్కపక్కన పెట్టి చదవండి. వేలిముద్రలు ఇవ్వమని లేఖ వస్తే చెప్పిన గడువులోపల వెళ్లి ఇవ్వాలి. వీసా పాస్‌పోర్టులో ముద్రగా రాదు, ఈమెయిల్‌లో లేఖగా వస్తుంది. అందులో ఒక్కసారికి ఎన్ని నెలలు ఉండవచ్చో, ఏ షరతులు ఉన్నాయో చదువుకోవాలి. ఉద్యోగం చేయకూడదన్న షరతు తప్పక ఉంటుంది. యాత్రకు రెండు నెలల ముందే దరఖాస్తు పూర్తిచేయడం మంచిది.

అక్కడి ప్రభుత్వ వైద్య పథకం భారతీయ సందర్శకులకు వర్తించదు. ఒక్క రాత్రి ఆసుపత్రిలో ఉండవలసి వచ్చినా బిల్లు మన యాత్ర ఖర్చును మించిపోగలదు, కాబట్టి ప్రయాణ బీమా లేకుండా బయలుదేరవద్దు. రక్తపోటు, మధుమేహం వంటివి ఉంటే బీమా తీసుకునేటప్పుడే దాచకుండా రాయండి. మందులను వాటి అసలు అట్టలతో, డాక్టర్ ఇంగ్లీషులో రాసిన చీటీతో పాటు, మూడు నెలలకు మించకుండా తీసుకెళ్లండి. డబ్బాలోకి ఒలిచి పోసుకున్న మాత్రలు సరిహద్దు దగ్గర ప్రశ్నలకు తావిస్తాయి.

పెట్టెలో ఏముండాలి, ఏముండకూడదు

తెలుగువారు పొరపడేది ఎక్కువగా ఇక్కడే. స్నేహితుల ఇంటికి వట్టి చేతులతో వెళ్లలేము, చేతిలోకి ముందు వచ్చేది ఆవకాయ జాడీ, పాలకోవా పొట్లం, కరివేపాకు కట్ట. ఆస్ట్రేలియా తన పంటలనూ, పశువులనూ బయటి తెగుళ్ల నుంచి కాపాడుకోవడానికి ఆహార పదార్థాల విషయంలో ఎంతో కఠినంగా ఉంటుంది. మన దేశంలో పశువులకు గాలికుంటు వ్యాధి ఉన్నందువల్ల పాలతో చేసిన మిఠాయిలను అనుమతించరు. పచ్చి కరివేపాకు, పళ్లు, పూలు, మొలకెత్తగల విత్తనాలు పెట్టెలో పెట్టనే కూడదు. సీలు వేసిన కంపెనీ పచ్చళ్ల ప్యాకెట్లు, పొడులు వంటివి ఉంటే విమానంలో ఇచ్చే ప్రవేశ కార్డులో ఆహారం ఉన్నదన్న గడికి ఎదురుగా 'అవును' అని గుర్తు పెట్టాలి. నిజం చెప్పి చూపించినవారికి జరిమానా ఉండదు, మహా అయితే వస్తువు చెత్తబుట్టలో వేస్తారు. ఉండి కూడా లేదని రాసినవారికి అక్కడికక్కడే పెద్ద జరిమానా పడుతుంది, వీసా రద్దయ్యే ప్రమాదం కూడా ఉన్నది.

మేము కొండపల్లి దశావతారాల పెట్టె ఒకటి తీసుకెళ్లాము. అవి తెల్ల పొణికి కొయ్యతో చేసినవి, కొయ్య కూడా ప్రకటించవలసిన వస్తువే. సిడ్నీ విమానాశ్రయంలో అధికారిణి ఒక్కొక్క బొమ్మనూ తిప్పి, అడుగున రంగు వెయ్యని చోట పురుగు తొలిచిన రంధ్రాలేమైనా ఉన్నాయేమోనని దీపం వెలుగులో చూసి, పదీ చూశాక మళ్లీ తానే కాగితాల్లో చుట్టి ఇచ్చింది. పది నిమిషాల పని. ఇంతకంటే తేలిక దారి కావాలంటే మంగళగిరి, పోచంపల్లి, గద్వాల చీరలు, ఉప్పాడ కండువాలు తీసుకెళ్లండి. పప్పులు, పొడులు, ఆవకాయ సహా వంటసామాను అంతా సిడ్నీలో హారిస్ పార్క్, వెస్ట్‌మీడ్ ప్రాంతాల దుకాణాల్లో, మెల్‌బోర్న్‌లో టార్నీట్, పాయింట్ కుక్ వైపు దొరుకుతుంది. అక్కడి మనవారికి మన ఊరి బట్టే అపురూపం.

పెట్టెలో తప్పక ఉండవలసినవి: అక్కడి ప్లగ్ మూడు చదునైన కాళ్లది గనుక దానికి తగిన అడాప్టర్ (విద్యుత్తు మనలాగే 230 వోల్టులు), అంచు వెడల్పుగా ఉన్న టోపీ, ఎండకు పూసుకునే క్రీము, నడిచి నడిచి అలవాటైన బూట్లు, వేసవి అయినా ఒక చలికోటు. బూట్ల అడుగున మట్టి ఉంటే కడిగి ఆరబెట్టి పెట్టండి, మట్టిని కూడా వారు చూస్తారు.

స్నేహితుల ఇంట్లో

ఇంట్లో అడుగుపెట్టిన మొదటి సాయంత్రమే మూడు సంగతులు అడిగి తెలుసుకోవాలి. మొదటిది స్నానాలగది. చాలా ఇళ్లలో షవర్ గాజు గది ఒక్కదానిలోనే నీళ్లు పోయే దారి ఉంటుంది. మన అలవాటు కొద్దీ బయట నీళ్లు చల్లితే అవి పోయే చోటు లేక పక్క గది తివాచీ కిందికి చేరతాయి. రెండవది చెత్త. మూత రంగును బట్టి డబ్బాలు వేరు: సిడ్నీలో ఎరుపు మూతది మామూలు చెత్తకు, పసుపు మూతది తిరిగి వాడుకోదగిన సీసాలు, అట్టలకు, ఆకుపచ్చ మూతది తోట చెత్తకు. అవి ఏ రాత్రి వీధిలో పెట్టాలో అడిగి, ఉన్నన్ని రోజులూ ఆ పని మీరే తీసుకోండి.

మూడవది అన్నిటికంటే ముఖ్యమైనది, వంటింటి పొగ. అపార్ట్‌మెంటుల్లో పైకప్పుకు పొగను పసిగట్టే అలారం ఉంటుంది. మేము దిగిన రెండో రోజు, ఇంటివారు ఆఫీసుకు వెళ్లాక నా భార్య పప్పుచారుకు ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టగానే అది చెవులు పగిలేలా మోగింది. నేను కంగారులో గాలి కోసం వీధి తలుపు తీయబోతుంటే, ఫోన్‌లో ఉన్న ఇంటి ఇల్లాలు "అన్నయ్యగారూ, ఆ తలుపు మాత్రం తీయకండి, బాల్కనీ తలుపు తీయండి" అని ఆపింది. కారణం ఇది: ఇంట్లో అలారం ఇంటి మట్టుకే మోగుతుంది, పొగ వీధి తలుపు దాటి నడవాలోకి వెళ్తే భవనం మొత్తపు అలారం మోగి, చాలా భవనాల్లో అది నేరుగా అగ్నిమాపక కేంద్రానికి చేరుతుంది, ఉత్తపుణ్యానికి బండి వచ్చినందుకు రుసుము ఇంటివారి మీద పడుతుంది. కాబట్టి పోపు పెట్టేముందు పొయ్యి పైనున్న పంకా వేసి, బాల్కనీ తలుపు బార్లా తీసి, మంట తగ్గించి పెట్టండి.

వంట సంగతి ఎలాగూ వచ్చింది గనుక, వారానికి మూడు రాత్రులు మీరే వండి పెడతామని ముందే చెప్పండి. ఆఫీసు నుంచి అలసి వచ్చినవారికి గుత్తివంకాయ కూర, వేడి అన్నం కంటే మంచి కానుక లేదు. కిరాణా కొట్టు బిల్లు రెండుసార్లకు ఒకసారి మీరు కట్టండి. కారులో దూరం వెళ్లినప్పుడు పెట్రోలు, టోల్ మీవే అని బయలుదేరకముందే తేల్చండి. టోల్ అక్కడ గేటు దగ్గర చేతికి ఇచ్చేది కాదు, వారి ఖాతాలోంచి తనంతట తాను పోతుంది, మనకు కనిపించదు.

సిడ్నీ

సిడ్నీలో రైలు, బస్సు, పడవ అన్నిటికీ ఓపల్ కార్డు గానీ, తాకిస్తే చెల్లే బ్యాంకు కార్డు గానీ చాలు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాకించాలి. దంపతులిద్దరికీ ఒకే కార్డు పనిచేయదు, ఎవరి కార్డు వారికి ఉండాలి. మన బ్యాంకు కార్డులకు విదేశీ వాడకపు రుసుము పడుతుంది గనుక రెండు ఓపల్ కార్డులు కొనుక్కోవడమే మేలు. రోజుకు ఇంతకు మించి కోయరాదన్న గరిష్ఠ ఛార్జీ ఉన్నది, శుక్రవారం నుంచి ఆదివారం వరకు అది ఇంకా తక్కువ.

వారం మధ్యలో ఒక రోజు సర్క్యులర్ కీ అనే రేవుకు వెళ్లండి. ఒక పక్క 1932లో తెరిచిన హార్బర్ వంతెన, మరో పక్క 1973లో తెరిచిన ఒపెరా హౌస్. ఒపెరా హౌస్‌ను దూరం నుంచి ఫోటో తీసి వెనుదిరగకండి, మెట్లెక్కి గుల్లల వంటి ఆ కప్పుల మొదలు దాకా వెళ్లి పెంకులను చేత్తో తాకండి. దూరానికి తెల్లగా కనిపించే కప్పు దగ్గరకు వెళ్తే రెండు రంగులు: నిగనిగలాడే తెలుపు ఒకటి, మెరుపు లేని మీగడ రంగు ఒకటి, జడ అల్లినట్టు వరుసలుగా పది లక్షలకు పైగా పెంకులు. దీనిని ఊహించిన డెన్మార్క్ వాస్తుశిల్పి యోర్న్ ఉట్జోన్ విభేదాల వల్ల 1966లో పని వదిలి వెళ్లిపోయి, పూర్తయిన కట్టడాన్ని కళ్లారా చూడకుండానే కన్నుమూశాడు. వంతెన మీద తూర్పు వైపు కాలిబాట ఉచితం. రాక్స్ పేట నుంచి ఎక్కి అవతలి ఒడ్డు దాకా నడవడానికి అరగంట చాలు. ఆ తరువాత మాన్లీకి వెళ్లే పడవ ఎక్కండి. మామూలు టికెట్‌తోనే అరగంట పాటు రేవంతా చూపిస్తుంది, మహాసముద్రం తెరుచుకునే చోట పడవ ఒక్కసారి ఊగుతుంది. వేరే విహార నౌకకు డబ్బు పెట్టనక్కరలేదని నా అభిప్రాయం.

మరో రోజు సెంట్రల్ స్టేషన్‌లో రైలెక్కి రెండు గంటల్లో కటూంబా చేరితే బ్లూ మౌంటెన్స్. ఆ పేరును తెలుగులో చెప్తే నీలగిరులే. లోయ నిండా ఉన్నవి యూకలిప్టస్ చెట్లు, వాటి ఆకుల నూనె ఆవిరై గాలిలో కలవడం వల్ల కొండలు నీలంగా కనిపిస్తాయని చెబుతారు. 19వ శతాబ్దంలో ఆ చెట్లనే తెచ్చి మన నీలగిరుల్లో నాటారు, వాటి నుంచి తీసిన దానినే మనం జలుబుకు నీలగిరి తైలమని రాసుకుంటాము. ఎకో పాయింట్ దగ్గర త్రీ సిస్టర్స్ అనే మూడు రాతి శిఖరాల ఎదుట నిలబడి ఊపిరి పీలిస్తే చిన్ననాటి మందు సీసా వాసన తెలుస్తుంది. పొద్దున్నే బయలుదేరండి, మధ్యాహ్నానికి యాత్రికుల బస్సులు నిండిపోతాయి.

స్నేహితులతో కలిసి వెళ్లే ఆదివారాన్ని దక్షిణం దారికి కేటాయించండి. నగరానికి దాదాపు 50 కిలోమీటర్ల దూరాన హెలెన్స్‌బర్గ్‌లో, అడవి అంచున, వేంకటేశ్వరస్వామి ఆలయం ఉన్నది. ఆస్ట్రేలియాలో మనవారు కట్టుకున్న తొలి పెద్ద గుడుల్లో అది ఒకటి. దర్శనం చేసుకుని, వారాంతపు క్యాంటీన్‌లో దోసెలు, పులిహోర తిని, అక్కడి నుంచి పది నిమిషాల్లో బాల్డ్ హిల్ చేరితే సముద్రం ఒక్కసారిగా కాళ్ల కింద పరుచుకుంటుంది. ఇంకా కిందికి దిగితే కొండను ఆనుకోకుండా నీటి మీదుగా వంపులు తిరిగే సీ క్లిఫ్ వంతెన వస్తుంది, 2005లో తెరిచిన దాని పొడవు 665 మీటర్లు. కారు ఆపి దాని మీద నడవాలి.

సముద్రపు ఒడ్డున ఒక్క జాగ్రత్త. ఇసుకలో ఎరుపు, పసుపు రంగుల జెండాలు రెండు పాతి ఉంటాయి, నీళ్లలో దిగితే వాటి మధ్యనే దిగాలి. అలలు లేక ప్రశాంతంగా కనిపించే చోట ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహం ఉండవచ్చు. ఈత రాని మనవారు ఆ ప్రశాంతతను చూసి దిగి ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు ఉన్నాయి. జెండాలు లేని చోట మోకాలి లోతు కూడా వద్దు. ఆపదలో పిలవవలసిన నంబరు 000.

మెల్‌బోర్న్, సముద్రపు దారి

మెల్‌బోర్న్ నగర మధ్యభాగంలో ట్రామ్‌లు ఉచితం. ఆ హద్దు దాటితే మైకీ కార్డు తాకించాలి. ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్, ఫెడరేషన్ స్క్వేర్, సందుల్లోని గోడబొమ్మలు, లక్ష మంది పట్టే క్రికెట్ మైదానం, క్వీన్ విక్టోరియా మార్కెట్ (సోమ, బుధవారాల్లో మూసి ఉంటుంది) అన్నీ రెండు రోజుల్లో నడిచి చూడవచ్చు. ఒకే రోజులో ఎండ, వాన, చలిగాలి మూడూ వస్తాయి గనుక గొడుగు, కోటు వదలవద్దు.

కానీ మెల్‌బోర్న్‌కు వెళ్లినవారు సమయాన్నీ, డబ్బునూ కూడబెట్టి పెట్టవలసినది గ్రేట్ ఓషన్ రోడ్ మీద. టోర్కీ నుంచి అల్లన్స్‌ఫోర్డ్ వరకు దాదాపు 240 కిలోమీటర్ల ఈ దారిని మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులు, చనిపోయిన తమ తోటివారి జ్ఞాపకార్థం, 1919 నుంచి 1932 వరకు గునపాలతో, పారలతో కొండలు తొలిచి వేశారు. ఈస్టర్న్ వ్యూ దగ్గర దారికి అడ్డంగా ఉన్న కొయ్య తోరణం వారిదే. పక్కనే ఆ దారి వేసిన ఇద్దరు సైనికుల విగ్రహం ఉన్నది, అక్కడ దిగి కాసేపు నిలబడండి.

చాలామంది ఒక్క రోజులో వెళ్లి వస్తారు. నా సలహా ఒక రాత్రి అపోలో బేలో గానీ పోర్ట్ క్యాంప్‌బెల్‌లో గానీ ఆగమని. సముద్రం వెంట పన్నెండు అపోస్తలులు అనే రాతి స్తంభాల దాకా ఆగకుండా నడిపినా నాలుగు గంటలకు పైనే పడుతుంది. ఆగకుండా పోయే దారి కాదు అది. వెళ్లేటప్పుడు సముద్రం వెంట, వచ్చేటప్పుడు కొలాక్ మీదుగా లోపలి రహదారిన రండి, గంటకు పైగా మిగులుతుంది. అక్కడ కూడా మనలాగే ఎడమ వైపు నడుపుతారు. పడమరకు వెళ్లేటప్పుడు సముద్రం ఎడమనే ఉంటుంది గనుక ప్రతి మలుపులోనూ కారు ఆపుకునే చోటికి ఎదురు బండ్లను దాటకుండానే తిరగవచ్చు. తిరుగుదారిలో ఆ సుఖం ఉండదు. కెన్నెట్ రివర్ దగ్గర యూకలిప్టస్ కొమ్మల చీలికల్లో బూడిదరంగు మూటల్లా నిద్రపోయే కోలాలు కనిపిస్తాయి, తల ఎత్తి ఓపికగా వెతకాలి.

పన్నెండు అపోస్తలులు అనేవి సున్నపురాతి తీరాన్ని అలలు కొరికి వేరుచేసిన రాతి స్తంభాలు. పేరుకు పన్నెండు గానీ ఎన్నడూ అన్ని లేవు. 2005 జూలైలో ఒకటి కళ్లముందే కుప్పకూలాక ఎనిమిది మిగిలాయి. సాయంత్రం నాలుగింటికి చేరి పొద్దు గుంకే దాకా ఉండండి, రాళ్లు తేనె రంగు నుంచి రాగి రంగుకు మారతాయి. మరునాడు పొద్దున జనం రాకముందే పక్కనున్న లాక్ ఆర్డ్ లోయలో మెట్లు దిగండి. 1878లో లాక్ ఆర్డ్ అనే ఓడ ఇక్కడ పగిలిపోయినప్పుడు బతికినవారు ఇద్దరే: టామ్ పియర్స్ అనే కుర్ర నావికుడు, ఈవా కార్మైకేల్ అనే యువతి. ఆమె కేకలు విని అతడు మళ్లీ నీళ్లలోకి ఈది ఒడ్డుకు తెచ్చాడు. కింద ఇసుకలో నిలబడి రెండు కొండచరియల నడుమ సన్నగా తెరుచుకున్న సముద్రపు వాకిలిని చూస్తే ఆ ఈత ఎంతటిదో అర్థమవుతుంది. ఇంకొంచెం ముందుకు లండన్ ఆర్చ్ అనే రాతి తోరణం. 1990లో ఒడ్డును కలిపే దాని భాగం కూలిపోగా అవతల చిక్కుకున్న ఇద్దరిని హెలికాప్టర్ తెచ్చింది.

కారు అద్దెకు తీసుకుంటే మన డ్రైవింగ్ లైసెన్స్ ఇంగ్లీషులో ఉంటే సందర్శకులకు చెల్లుతుంది, అయినా అంతర్జాతీయ పర్మిట్ కూడా ఇక్కడే తీసుకుని వెళ్లండి, అద్దె కంపెనీలు అడగవచ్చు. హామీ సొమ్ము క్రెడిట్ కార్డులో నిలుపుతారు. వెనుక సీటు వారితో సహా బెల్టు తప్పనిసరి. బెల్టునూ, చేతిలో ఫోనునూ పట్టే కెమెరాలు ఉన్నాయి. పొద్దు వాలాక, తెల్లవారుజామున కంగారూలు దారికి అడ్డం దూకుతాయి, ఆ వేళల్లో పల్లె దారుల్లో నడపకపోవడమే క్షేమం. మెల్‌బోర్న్ నడిబొడ్డున ట్రామ్‌ల కోసం ఎడమ వరుస నుంచి కుడికి తిరిగే వింత పద్ధతి ఉన్నది, కాబట్టి నగరంలో కారు వద్దు. స్నేహితుడి కారు ఆయన ఇవ్వబోయినా, తన బీమా మీకు వర్తిస్తుందని ఆయన కనుక్కున్నాకనే తాళం తీసుకోండి.

మరో శనివారం ఫిలిప్ దీవికి. చీకటి పడగానే సముద్రంలోంచి అడుగు ఎత్తున్న పెంగ్విన్లు గుంపులుగా ఒడ్డెక్కి తమ బొరియలకు నడిచి వెళ్తాయి. ఫోటోలు తీయరాదు, వెలుగుకు వాటి కళ్లు చెదురుతాయి. టికెట్ ముందే కొనాలి, వేసవిలో కూడా దుప్పటి పట్టుకెళ్లాలి, తిరిగి బయలుదేరేముందు కారు కింద వంగి చూడాలి, పెంగ్విన్ దాక్కుని ఉండవచ్చు.

మూడో మజిలీ

ఉలూరా, కెయిర్న్సా అన్నది నెలను బట్టి, మీ ఒంటిని బట్టి తేలాలి. ఈత వచ్చినవారు, సముద్రపు కుదుపు తట్టుకోగలవారు జూన్ నుంచి అక్టోబర్ లోపల కెయిర్న్స్‌కు వెళ్లి 2,300 కిలోమీటర్ల పగడపు దిబ్బను చూడవచ్చు. నవంబర్ నుంచి మే వరకు అక్కడి తీరంలో ప్రాణాంతకమైన జెల్లీచేపలు ఉంటాయి. ఈత రానివారికి అడుగున గాజు ఉన్న పడవలు ఉన్నాయి.

మేము ఉలూరును ఎంచుకున్నాము. మైదానం మీద 348 మీటర్లు లేచిన ఒంటి కొండ అది. ఆ నేల ఆదివాసులైన అనంగు ప్రజలకు పవిత్రమైనది. వారి కోరిక మేరకు 2019 అక్టోబర్ 26 నుంచి ఎక్కడం పూర్తిగా నిషిద్ధం. అరుణాచలానికి ప్రదక్షిణ చేసినవారికి ఇక్కడ ఏం చేయాలో చెప్పనక్కరలేదు: చుట్టూ 10.6 కిలోమీటర్ల కాలిబాట ఉన్నది, మూడున్నర గంటలు పడుతుంది. సూర్యోదయానికి ముందే మొదలుపెట్టండి. దూరానికి నున్నగా కనిపించే రాయి దగ్గరకు వెళ్తే తుప్పు పట్టిన ఇనుపరేకులా పొరలు పొరలుగా ఉంటుంది, గుహల్లో వారి పూర్వీకుల చిత్రాలు ఉంటాయి. కొన్ని చోట్ల ఫోటో తీయవద్దని బోర్డులు ఉంటాయి, అవి వారి ఆరాధనా స్థలాలు. కెమెరా సంచిలో పెట్టి నడవండి. పార్కు ప్రవేశపత్రం మూడు రోజులకు చెల్లుతుంది. బస దగ్గరలోని యులారా అనే చిన్న ఊళ్లో మాత్రమే దొరుకుతుంది, నెలల ముందే తీసుకోవాలి. ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గరే కదా అని అక్కడ దిగవద్దు, అది 450 కిలోమీటర్ల దూరం. నేరుగా ఉలూరు విమానాశ్రయానికే టికెట్ తీసుకోండి. ముఖానికి ఈగల వల తప్పక కొనండి.

తిరుగు ప్రయాణానికి ముందు

ఒకే వ్యాపారి దగ్గర 300 డాలర్లు లేదా అంతకు మించి కొన్న వస్తువులకు, కొన్న 60 రోజుల లోపల దేశం వదిలితే, అందులోని జీఎస్టీ విమానాశ్రయంలో తిరిగి ఇస్తారు. బిల్లులు దాచుకోండి, వస్తువులు చేతిసంచిలో ఉంచండి లేదా పెట్టె అప్పగించకముందే అధికారికి చూపించండి.

చివరి రోజు పరుపు దుప్పట్లు, తువాళ్లు తీసి ఉతికే యంత్రం దగ్గర పెట్టి, గది తుడవండి. అది వారం మధ్య రోజైతే స్నేహితుణ్ణి సెలవు పెట్టించవద్దు. మెల్‌బోర్న్‌లో సదరన్ క్రాస్ స్టేషన్ నుంచి విమానాశ్రయానికి బస్సు ఉన్నది. మైకీ కార్డుల్లో మిగిలిన సొమ్ము అలాగే ఉంచి, రెండు కార్డులూ వారి వంటింటి సొరుగులో పెట్టి రండి. తరువాత వచ్చే చుట్టాలకు మొదటి రోజే పనికివస్తాయి.